గడువు లేని మాట

బాగా నడుస్తున్న యంత్రాన్ని ఇంకా బాగు చేస్తానని వచ్చేవాణ్ణి గుమ్మంలోనే ఆపి పంపించెయ్యాలి. ఆ సంగతి శ్రీకర్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పదిహేనేళ్ళుగా అతని ఉద్యోగమే అది, బాగున్నవాటిని బాగుచెయ్యడం. అంత తెలిసినవాడు కూడా ఒక మంగళవారం పొద్దున్న, కాకినాడలో సొంత అక్క ఇంట్లో కూర్చుని, సొంత బావగారి చెవి వెనకున్న బిళ్ళకి కొత్త వెర్షన్ ఎక్కించాడు. పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ బావగారు భానుమూర్తి పెసరట్టు తింటూనే ఉన్నాడు. అయిపోయాక చెయ్యి కడుక్కుని, "అంతేనా? ఇంకా ఏదో గుచ్చుతావనుకున్నాను" అన్నాడు.

ఆ బిళ్ళ కథ కొంత చెప్పాలి. భానుమూర్తి బస్‌స్టాండులో కంట్రోలరుగా చేసేవాడు. ఐదేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాడు. జ్వరానికి ముందు బతికిన యాభై ఏళ్ళూ చెక్కుచెదరకుండా గుర్తున్నాయి కానీ, ఆ తర్వాత జరిగేది ఏదీ పావుగంట మించి బుర్రలో నిలవడం మానేసింది. అన్నం తిన్నాడో లేదో తెలియదు. చదివిన పేపరే మళ్ళీ చదివేవాడు. శ్రీకర్ పనిచేసే ప్రయోగశాలలో అప్పుడే రూపాయి కాసంత బిళ్ళ ఒకటి తయారవుతోంది. అది మనిషి చుట్టూ జరిగే మాటలన్నీ వింటుంది. తేలని సంగతి ఏదైనా ఉంటే, మర్చిపోకుండా ఆడవాళ్ళు కొంగుకి ముడి వేసుకున్నట్టు, దానికి ఒక ముడి వేస్తుంది. సంగతి తేలగానే విప్పేస్తుంది. మిగిలిన ముడులన్నిటినీ పావుగంటకోసారి మెదడుకి తిరిగి అందిస్తుంది. పెట్టుకున్నవాడికి ఎవరో చెవిలో చెప్పినట్టు ఉండదు, తనకే గుర్తున్నట్టు ఉంటుంది. అది ఒక మాటకి ఏ అర్థం తీసుకుంటే వాడికీ అదే అర్థం తోస్తుంది. ఆ బిళ్ళ పెట్టుకున్న మొదటి నలభై మందిలో భానుమూర్తి ఒకడు. దాని పుణ్యమాని మళ్ళీ మనుషుల్లో పడ్డాడు.

పాత వెర్షన్‌కి తెలుగు అంతంతమాత్రం. అర్థంకాని మాట వినపడితే ఇంట్లోవాళ్ళ ఫోనుకి ప్రశ్న పంపేది. వాళ్ళు చెప్పిన అర్థాన్ని ఒక పట్టికలో దాచుకునేది. దానికి 'ఇంటి మాటలు' అని పేరు. కొత్త వెర్షన్‌కి ఆ అవస్థ లేదు, దానికి రాని తెలుగు లేదని తయారుచేసినవాళ్ళు ఘంటాపథంగా చెప్పారు. ఎక్కించే ముందు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: 'ఇంటి మాటల పట్టిక పాతబడింది. తొలగించాలా?' శ్రీకర్ 'ఔను' నొక్కాడు. పాతది ఊడ్చాకే కొత్తది దించాలని ముప్ఫైమంది టెక్నీషియన్లకి పాఠం చెప్పినవాడు. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క స్వర్ణలత ఫోన్ చేసింది.

"ఒరేయ్ శ్రీకరూ, మీ బావగారు తలుపు గడియ పెట్టనివ్వట్లేదురా."

"ఏమైంది?"

"గ్యాస్ వీరబాబు వస్తాడంట. పొద్దున్నే సిలిండర్ దింపేసి పోయాడు కదండీ, మళ్ళీ ఎందుకొస్తాడూ అంటే వినరే! వస్తానని చెప్పి మరీ వెళ్ళాడు, నా చెవులతో విన్నాను అంటన్నారు. పోస్టావిడ కోసం వరండాలో కుర్చీ వేయించారు. ఎదురింటి పిన్నిగారు వస్తారని టీ పెట్టించి, చల్లారిపోయిందని నా మీద కేకలు."

శ్రీకర్‌కి నవ్వొచ్చింది. అటువైపు ఆవిడా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలాకాలమైంది కాబట్టి ఇద్దరూ అవసరమైనదానికంటే కాస్త ఎక్కువే నవ్వుకున్నారు.

గురువారానికి నవ్వు తగ్గింది. సిలిండర్లేసుకుని వీధిలోంచి పోతున్న వీరబాబుని భానుమూర్తి చొక్కా పట్టుకుని ఆపాడు.

"వస్తానన్నావు. నిన్నటి నుంచీ చూస్తున్నాను."

"ఆయ్, మాటవరసకన్నానండి బాబూ. ఎల్లేటప్పుడు అందరూ అనేదేగాండి."

"మాటకి వరసేంటయ్యా? ఇరవై రెండేళ్ళు బస్‌స్టాండులో చేశాను. అమలాపురం బస్సు వస్తుందని మైకులో చెప్పానంటే, అది వచ్చేదాకా కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదు. నలుగురు నా మాట నమ్మి నిలబడేవారు."

వీరబాబు తప్పయిపోయిందని దణ్ణం పెట్టి, పోతూ పోతూ అలవాటు కొద్దీ మళ్ళీ, "వస్తానండి" అన్నాడు. దాంతో ఇంకో ముడి పడింది.

ప్రయోగశాలలో శ్రీకర్ చెయ్యవలసినవన్నీ చేశాడు. బిళ్ళని ఆపి మళ్ళీ మొదలుపెట్టించాడు. గడియారం సరిచూశాడు. బ్యాటరీ చూశాడు, మైకు చూశాడు. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. చివరికి వేసినవి వేసినట్టే ఉండిపోయిన ముడుల జాబితా బయటికి తీశాడు. నలభై ఆరు ఉన్నాయి. ఒక్కో ముడి ఏ మాట దగ్గర పడిందో చూస్తూ పోయాడు. వీరబాబు: వస్తానండి. పోస్టావిడ: వస్తానమ్మా. పిన్నిగారు: వస్తానే స్వర్ణా. అతను తల పట్టుకున్నాడు.

ప్రయోగశాలకి పెద్ద డాక్టర్ రెహానా. జాబితా చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"మా అమ్మ ఎదురుగా 'వెళ్తాను' అంటే నోటి మీద ఒక్కటిచ్చేది. 'వస్తానని చెప్పి చావవే' అనేది. తెలుగంతా తెలుసన్నవాళ్ళకి ఈ ఒక్కటీ తెలియలేదా?"

"పాతదానికి తెలుసు మేడమ్. ఇంటి మాటల్లో ఉండేది."

"ఆ పట్టికేదీ?"

"ఊడ్చేశాను."

పట్టికకి నకలు లేదు. ఇంట్లో మాట్లాడుకున్నదానికి బయట నకలు ఉంచకూడదని నియమం. వెనక్కి పాత వెర్షన్‌కి వెళ్ళే దారీ లేదు, కొత్తది ఎక్కగానే పాతది బిళ్ళలో చెరిగిపోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని వినడమే కానీ, వేసిన చెయ్యి తనదే కావడం శ్రీకర్‌కి ఇదే మొదలు.

సాయంత్రానికి ఒక చిన్న సవరణ రాశాడు. ఇకమీదట గుమ్మం దగ్గర ఎవరైనా 'వస్తాను' అంటే అది వెళ్ళడమేనని. అది వెంటనే పనిచేసింది. అయితే అప్పటికే పడిన ముడుల మీద బయటివాళ్ళు చెయ్యి వెయ్యడానికి లేదు. మనిషి జ్ఞాపకంలోకి చెవి ద్వారా తప్ప ఇంకో దారి ఉండకూడదని రెహానాయే రెండేళ్ళు కమిటీల చుట్టూ తిరిగి చట్టం చేయించింది. మంచి చట్టమే. లేకపోతే ఎవడికి తోచింది వాడు మనుషుల బుర్రల్లో రాసిపోతాడు. కాబట్టి ఒక్కో ముడీ భానుమూర్తి చెవిన పడేలా ఎవరో మాటతోనే విప్పాలి.

శుక్రవారం స్వర్ణలత ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోనులో తమ్ముడు ఒక్కో పేరూ చదువుతుంటే వరసగా చెప్పింది. వీరబాబు రాడండి, పనైపోయి వెళ్ళిపోయాడు. పోస్టావిడ రాదండి. ఆయన ప్రతిదానికీ "అలాగా" అన్నాడు. భోజనాల వేళకి నలభై అయిదు ముడులు విడిపోయాయి. ఒక్కటి మిగిలింది. శ్రీకర్ చదవకుండా వదిలేసింది అదొక్కటే.

ఆ ముడి తేదీ పద్నాలుగు నెలల కిందటిది. ఉదయం ఎనిమిదీ పది. మాట: వస్తాను నాన్నా. అన్నది: తన్మయి.

తన్మయి ఆ ఇంటికి ఒక్కతే పిల్ల. ఆ రోజు స్కూటీ మీద కాలేజీకి బయల్దేరి, కాలవగట్టు రోడ్డు మీద ఇసుకలో జారి లారీ కింద పడింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆసుపత్రిలో ప్రాణం పోయింది. అప్పుడు భర్త దగ్గర కూలబడి స్వర్ణలత చెప్పింది ఒకే మాట: "పాప మనకి దక్కలేదండీ." బిళ్ళకి ఆ మాట కొత్త. ఆసుపత్రి వరండాలో ఉన్న శ్రీకర్ ఫోనుకి ప్రశ్న పంపింది: 'దక్కలేదు' అంటే ఏమిటి? అతను 'చనిపోయింది' అని కొట్టాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ 'చనిపోయింది' అన్న మాట పైకి అనలేదు. పట్టికలో ఆ ఒక్క వరుసలో మాత్రం ఉండేది. దాని బలంతోనే భానుమూర్తి ఇన్నాళ్ళూ కూతురు లేదన్నది మర్చిపోకుండా, ఏడవవలసినంత ఏడ్చి, మెల్లగా కుదుటపడ్డాడు. 'వస్తాను అంటే వెళ్తున్నాను అని అర్థం' అన్న మొదటి వరుస తన్మయి రాసిందే. ఇంటి మాటల్లో సగానికి పైగా ఆ పిల్ల సాయంత్రాలు తండ్రి పక్కన కూర్చుని నేర్పినవే.

కొత్త వెర్షన్ వచ్చీ రాగానే పాత మాటలన్నీ మొదటి నుంచి చదువుకుంది. పట్టిక లేదు కాబట్టి తనకు తెలిసిన తెలుగులో చదువుకుంది. అన్నేళ్ళ మాటలూ పూర్తయ్యేసరికి గురువారం అయింది.

శ్రీకర్ వెళ్ళేసరికి సాయంత్రం అయిదున్నర దాటింది. భానుమూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గుమ్మంలో స్వర్ణలత పమిటచెంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"రా శ్రీకరూ. పాప ఇంకా రాలేదు. ఈపాటికి వచ్చెయ్యాలి. మీ అక్కేమో దక్కలేదు దక్కలేదని ఒకటే ఏడుపు. సీటు దక్కకపోతే మళ్ళీ రాసుకుంటుంది, దానికి ఏడవడం ఎందుకు చెప్పు?"

శ్రీకర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఎవరో ఒకరు చెప్పాలి, చెడగొట్టినవాడే చెప్పడం న్యాయం అనుకున్నాడు.

"బావగారూ, తన్మయి రాదండి. తన్మయి చనిపోయింది."

గుమ్మంలో స్వర్ణలత చెవులు మూసుకుంది. భానుమూర్తికి కోపం కూడా రాలేదు. మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

"నువ్వేదో ఒకటి అంటూనే ఉంటావులే. ఆదివారం వస్తాను బావగారూ అంటావు, ఎప్పుడైనా వచ్చావా? నీ మాట పట్టుకుని కూర్చుంటే ఎలా? పాప అలాంటిది కాదు" అని మళ్ళీ వీధి చివరికి చూశాడు.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో మర్నాడు ప్రయోగశాలలో తెలిసింది. కొత్త వెర్షన్‌లో గొప్పగా చెప్పుకున్న ఏర్పాటు ఒకటుంది. ఎవరి మాటకి ఎంత విలువ ఇవ్వాలో అది లెక్కగడుతుంది. వస్తానన్నవాళ్ళు వచ్చారా, చేస్తానన్నవాళ్ళు చేశారా అని చూసి, మనిషికి నూటికిన్ని అని వేస్తుంది. మతిమరుపు మనుషుల్ని మోసగాళ్ళ బారినుంచి కాపాడటానికి పెట్టిందది. శ్రీకర్ ఆదివారం వస్తానని అరవై ఒక్కసార్లు అని తొమ్మిదిసార్లు వచ్చాడు. అతనికి నూటికి పదిహేను. స్వర్ణలతకి తొంభై ఏడు. తన్మయికి నూరు.

"పద్నాలుగు నెలలుగా రాని పిల్లకి నూరెలా ఇచ్చింది?" అంది రెహానా.

శ్రీకర్ అప్పటికి ఆ సంగతి పట్టుకున్నాడు. "పదకొండు వందల నలభైసార్లు వస్తాను నాన్నా అంది మేడమ్. పదకొండు వందల ముప్ఫైతొమ్మిది సార్లు వచ్చింది. ఆఖరిది ఇంకా తప్పినట్టు కాదు. నేను ఆదివారం అన్నాను, ఆదివారం దాటితే నా మాట తప్పిపోయినట్టే. తను ఎప్పుడని అనలేదు. గడువు లేదు కాబట్టి ఎన్నేళ్ళయినా అది తప్పదు."

తన్మయి గొంతుతో ఉన్నవన్నీ బిళ్ళలోంచి తీసేయించే దారి ఒకటుంది. ఒక్కో ముడి విప్పడానికి ఒప్పుకోని చట్టం, ఇంట్లోవాళ్ళు అడిగితే దీనికి ఒప్పుకుంటుంది. కానీ అప్పుడు జ్వరం తర్వాత కూతురితో గడిపిన నాలుగేళ్ళూ పోతాయి. జ్వరానికి ముందున్న తొమ్మిదో తరగతి పిల్ల మాత్రమే మిగులుతుంది. ఆయన గేటు దగ్గర స్కూలు యూనిఫాం కోసం చూస్తాడు. ఆ దారి గురించి పూర్తిగా ఆలోచించేలోపే ఇద్దరూ వద్దనుకున్నారు.

రెహానా కాగితం మీద లెక్క వేసింది. నూరున్న పిల్ల మాట మీద నూటికి తొంభై ఏడున్న మనిషి, మరో అర్థానికి తావులేని మాటతో, ఏడుసార్లు చెప్తే ముడి విడుతుంది.

"ఏడుసార్లా?"

"పావుగంటకోసారి మర్చిపోతాడు. కాబట్టి ఆయనకి ప్రతిసారీ అదే మొదటిసారి."

శనివారం సాయంత్రం వంటింట్లో శ్రీకర్ ఈ సంగతంతా అక్కకి చెప్పాడు. ఆవిడ బెండకాయలు తరుగుతూ విన్నది.

"పద్నాలుగు నెలలైందిరా. ఆ మాట నా నోట్లోంచి ఒక్కసారి రాలేదు. ఏడుసార్లంటున్నావు."

"నీ మాట ఒక్కటే నమ్ముతారక్కా."

"రేపు చెప్తాను" అంది.

మర్నాడు తనే ఫోన్ చేసింది. ఒక పెద్ద పని ముగించిన మనిషిలా ఆయాసపడుతోంది. "చెప్పేశాన్రా. గుండె రాయి చేసుకుని చెప్పేశాను."

"ఏమని?"

"పాప పోయిందండీ అని."

శ్రీకర్ కళ్ళు మూసుకున్నాడు. "ఏమన్నారు?"

"కరెంటు పోతే రాదేంటే, వస్తుందిలే అన్నారు. అదికాదండీ, పాప ఇంక లేదండీ అన్నాను. ఇంకా ఇంటికి రానిది ఇంట్లో ఎలా ఉంటుందీ అన్నారు."

చావుని పేరు పెట్టి పిలవకుండా ఉండటానికి మనవాళ్ళు ఎన్ని మాటలు కనిపెట్టుకున్నారో శ్రీకర్‌కి అప్పుడు తెలిసొచ్చింది. ఒక్కటీ పనికొచ్చేది కాదు. "అక్కా, చనిపోయింది అనాలి. లేకపోతే చచ్చిపోయింది అనాలి. ఇంకేదన్నా దానికి అర్థంకాదు."

"ఛీ, అవేం మాటలురా! కన్నదాన్ని." మళ్ళీ తనే, "రేపు చెప్తాలే" అంది.

ఆ తర్వాత వింత ఇంకోటి మొదలైంది. సోమవారం పొద్దున్న తెర మీద స్వర్ణలత అంకె తొంభై ఏడు నుంచి తొంభైకి దిగింది. మంగళవారం ఎనభై. బుధవారం అరవై నాలుగు. కొత్త వెర్షన్‌లో ఇంకో లోపం బయటపడిందనుకున్నాడు శ్రీకర్. మైకు ఆవిడ గొంతుని ఇంకొకరిదిగా పోల్చుకుంటోందేమోనని చూశాడు. లెక్కగట్టే భాగాన్ని వరస వరసా చదివాడు. మిగతా ముప్ఫైతొమ్మిది మంది బిళ్ళలతో పోల్చి చూశాడు. ఎక్కడా తేడా దొరకలేదు. మూడు రోజులు తిండీ తిప్పలూ మానేసి యంత్రంలో తప్పు వెతికాడు.

ఈలోగా ఇంట్లోంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "ఇదిగోండి మాత్ర అంటే నువ్వు చెప్తే సరిపోద్దా అంటున్నార్రా." "అన్నం తిన్నారు కదండీ అంటే నమ్మట్లేదు, పిన్నిగారిని పిలిచి అడిగారు." "నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తన్నారు శ్రీకరూ. ముప్ఫై ఏళ్ళు కాపరం చేశాను." శ్రీకర్ ప్రతిసారీ, చూస్తున్నానక్కా, దొరుకుతుందక్కా అన్నాడు.

గురువారం అంకె ముప్ఫై ఒకటికి పడింది. ఇక ఆగలేక బయల్దేరాడు. సన్నగా వాన పడుతోంది. వీధి మలుపు తిరుగుతుండగానే అక్క గొంతు వినపడింది.

"లోపలికి రండి, తడిసిపోతన్నారు. ఇవాళ కాలేజీలో ఆలస్యమైందంట. రేపొద్దున్న వచ్చేస్తుంది పాప. రండి, ఓ ముద్ద తినండి."

శ్రీకర్ అక్కడే వానలో నిలబడిపోయాడు. యంత్రంలో తప్పేమీ లేదు. ఆవిడ రోజూ సాయంత్రం ఆయన్ని లోపలికి తీసుకెళ్ళడానికి గడువు పెట్టి మరీ మాటిస్తోంది. ఇంకో గంటలో వస్తుంది. రేపు వస్తుంది. ఆ మాటలన్నీ తప్పిపోతున్నాయి. బిళ్ళ వేటినీ వదలకుండా లెక్క వేసుకుంటోంది. మాట తప్పితే విలువ పడిపోతుందని అక్కకి తను చెప్పలేదు. ఏడుసార్లు చెప్పాలన్నదే చెప్పాడు. ఆ రెండో ముక్క చెప్పాలని తట్టనేలేదు.

ఆవిణ్ణి గోడ పక్కకి పిలిచి చెప్పాడు. చెప్పకుండా దాచడానికి ఇంక ధైర్యం చాల్లేదు. స్వర్ణలత వింటూ వింటూ గోడకి ఆనుకుంది.

"నేనేం చెయ్యన్రా? వానలో నిలబడతారు. అన్నం తినరు. ఒక్కసారి, ఒక్క అబద్ధం అనుకున్నాను."

"నలభై కిందికి వస్తే ఆ మనిషి మాట ఇంకొకరి మాట మీద చెల్లదక్కా."

"మళ్ళీ పెరగదా? ఇకనుంచీ నిజమే చెప్తాను."

"పెరుగుతుంది. ఒక్కో మాటా నిలబెట్టుకుంటూ వస్తే ఏడాది పట్టొచ్చు. ఆ ఏడాదీ ఆయన్ని సాయంత్రాలు ఏం చెప్పి లోపలికి తీసుకొస్తావు?"

ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసింది. చిన్నప్పుడు అతని చొక్కాకి గుండీలు పెట్టిన మనిషి, అతను ఇంజినీరయ్యాడని ఊరంతా చెప్పుకున్న మనిషి. ఏదో ఒకటి చేస్తాడని చూసింది. చేసేది ఏమీ లేదని అతని కళ్ళల్లో కనపడేసరికి పమిట నడుముకి దోపుకుని గేటు దగ్గరికి నడిచింది.

"ఏవండీ, ఇటు చూడండి. మన తన్మయి చచ్చిపోయింది."

ఎదురింటి పిన్నిగారు వరండాలోకి వచ్చింది. భానుమూర్తి భార్య వైపు తిరిగాడు.

"మన పాప చచ్చిపోయిందండీ. కాలవగట్టు మీద లారీ కింద పడి చచ్చిపోయింది. నేను స్నానం చేయించి పంపించాను. చచ్చిపోయింది." పద్నాలుగు నెలలు నోట్లో దాచుకున్న మాట ఒకసారి బయటికి వచ్చాక ఆగలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ చెప్పింది. ఏడూ చెప్పింది. ఆ మాట అనడం ఎంత కష్టమో శ్రీకర్‌కి తెలుసు. అది తగలవలసిన చోట తగలడం లేదని కూడా తెలుసు. అంకె చూడటానికి జేబులోంచి ఫోను తియ్యలేదు. ముప్ఫై ఒకటి ముప్ఫై ఒకటిగానే ఉంటుంది.

ఏడోసారి అయ్యాక స్వర్ణలత గేటు ఊచలు పట్టుకుని కిందికి జారిపోయింది. భానుమూర్తి కంగారుగా వంగి ఆవిణ్ణి లేవదీశాడు. భుజం మీద చెయ్యి వేసి, ఎంతో మర్యాదగా, పరాయి ఇంటి మనిషిని నడిపించినట్టు వరండా దాకా నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాడు. తన తువ్వాలుతో ఆవిడ తల తుడిచాడు. తిరిగి గేటు దగ్గరికి వచ్చి శ్రీకర్‌ని దగ్గరికి పిలిచాడు. లోపలికి వినపడకూడదని గొంతు తగ్గించాడు.

"శ్రీకరూ, మీ అక్కకి ఒంట్లో ఏమీ బాగాలేనట్టుందిరా. ఏవేవో మాటలు అంటోంది. పాప వచ్చాక ముగ్గురం కలిసి డాక్టరుకి చూపిద్దాం."

"అలాగే బావగారూ" అన్నాడు శ్రీకర్.